ఆ వెండి ఎర కాదు, అడిగి చేయించుకున్నది

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు నగరత్‌పేటలో మాకు వెండి పని కొట్టు ఉంది. మా నాయన 1958లో ప్రొద్దుటూరు నుంచి వచ్చి పెట్టారు. పద్నాలుగో ఏట ఆయన పక్కన కుంపటి ముందు కూర్చున్నాను, ఇప్పుడు నాకు 68. మీ పత్రిక మా ఇంటికి వస్తున్నదీ దాదాపు నలభై ఏళ్ళుగా. ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. పోయిన ఆదివారం అనుబంధంలో కెనడా బొచ్చు వ్యాపారం మీద వచ్చిన వ్యాసం చదివి రెండు రోజులు ఊరుకుందామనే చూశాను. మనసు ఒప్పుకోలేదు.

వ్యాసం చాలావరకు బాగుంది. కంపెనీల లెక్కలు, పడవల ప్రయాణాలు, చలికాలపు వేట అన్నీ చక్కగా చెప్పారు. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. అక్కడి ఆదివాసులు వెండి తళుకులు చూసి మురిసిపోయి, ఆ మోజులో తమ సంపదంతా తెల్లవాళ్ళ చేతిలో పెట్టారని రాశారు. వాళ్ళను రెడ్ ఇండియన్లన్నారు, అమాయకులన్నారు. అన్యాయం జరగలేదని నేను అనడం లేదు. జరిగింది, చెప్పలేనంత జరిగింది. కానీ ఆ అన్యాయానికి వెండి ఎర అయిందనడం తప్పు. ఆ వెండిని వాళ్ళు అడిగి, ఎలా ఉండాలో చెప్పి చేయించుకున్నారు. యాభై ఏళ్ళకు పైగా వెండి కొట్టిన చేతితో ఈ మాట రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మాంట్రియల్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. బయట మంచు, ఇంట్లో నాకు ఏమీ తోచేది కాదు. చూసి చూసి ఒక రోజు, "నాన్నా, నీ పని ఉన్న చోటికి తీసుకెళ్తా రా" అని ఒక మ్యూజియానికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక అద్దాల పెట్టె ముందు గంటసేపు నిలబడిపోయాను. లోపల ఉన్నవన్నీ బొచ్చు వ్యాపారం కాలపు వెండి నగలు. దండకడియాలు, చెవులకు వేలాడే చిన్న బుడిపెలు, గొంతు కింద కట్టుకునే చంద్రవంక బిళ్ళలు, రెండు అడ్డకమ్ములున్న శిలువలు, గుండె ఆకారపు బిళ్ళలు. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నవి గుండ్రటి చిన్న రింగులు, ఒక్కోటి పావలా బిళ్ళంత.

ఆ రింగు పనితనం గురించి చెప్పాలి. రింగు మధ్యలో అడ్డంగా ఒక సూది ఉంటుంది. దానికి కొక్కెం లేదు, మర లేదు. గుడ్డను రింగులోంచి కొద్దిగా పైకి లాగి, సూది గుచ్చి, గుడ్డను వెనక్కి లాగేస్తే చాలు, సూది రింగు అంచు మీద కూర్చుని బిగుసుకుంటుంది. గుడ్డ బరువే దానికి తాళం. రేకు పల్చన, కత్తిరించి అంచులకు ఆకురాయి పట్టించారు. ఒక్కటి చేయడానికి ఎక్కువసేపు పట్టదు. కానీ ఒకే కొలతలో వందలు చేయాలంటే చెయ్యి తిరిగి ఉండాలి. అక్కడి ఆడవాళ్ళు ఇవి పై వస్త్రం మీద వరుసలు వరుసలుగా, వందల కొద్దీ పెట్టుకునేవాళ్ళు. నడుస్తుంటే ఎలా మెరిసేదో ఊహించుకోండి.

ఒక నగ మీద ఆర్.సి. అని అచ్చు కనిపించింది. రాబర్ట్ క్రుక్‌షాంక్ అనే ఆయన గుర్తట. బ్రిటన్ నుంచి వచ్చి మాంట్రియల్‌లో కొట్టు పెట్టుకుని, చాలా ఏళ్ళు ఈ పనే చేశాడు. 1809లో చనిపోయాడు. చర్చిలకు గిన్నెలూ చేశాడు, వ్యాపారులకు ఈ నగలూ చేశాడు. 1760ల నుంచి 1820ల దాకా మాంట్రియల్, క్యుబెక్, ఫిలడెల్ఫియా, లండన్ నగరాల్లో ఎంతోమంది వెండిపనివాళ్ళకు ఇదే బతుకుతెరువు. వ్యాపారులు వేల లెక్కన ఆర్డర్లిచ్చి, మూటగట్టి, పడవల్లో లోతట్టు అడవులకు పంపేవాళ్ళు. రెండు వందల ఏళ్ళ కిందటి ఒక వెండిపనివాడి అచ్చు అలా నా ముందుంటే, మా నాయన పెట్టుకున్న అచ్చు గుర్తొచ్చింది. అది ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.

మా కొట్టుకు అప్పట్లో కదిరి వైపు తండాల ఆడవాళ్ళు చాలామంది వచ్చేవాళ్ళు. మా వైపు సుగాలీలంటారు, లంబాడీలన్నా వాళ్ళే. బెంగళూరులో కట్టడం పనులకు వచ్చి, కూలి డబ్బు కాస్త మిగలగానే వెండి చేయించుకునేవాళ్ళు. చెవుల పక్కన జుట్టుకు వేలాడే ఘుగ్రీలు, జడ కొసలకు టోప్లీలు, మెడకు హాస్లీ. ఘుగ్రీ, టోప్లీ ఉన్నాయంటే ఆమె ముత్తయిదువ. భర్త పోయిన రోజున అవి దిగిపోతాయి.

1979లో అనుకుంటాను, మా నాయన ఒకామెకు ఘుగ్రీలు చేస్తూ కింద గజ్జెల వరుసలో సన్నటి మామిడి పిందెలు కలిపారు. ఇంకా అందంగా ఉంటుందని ఆయన ఆలోచన. పిందెలకు మజూరీ కూడా అడగలేదు. ఆమె చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి విన్నది. మళ్ళీ ఊపింది. "ఇది మాది కాదు సామీ" అని పీట మీద పెట్టేసింది. మా నాయన ఎంత చెప్పినా వినలేదు. ఇచ్చిన బయానా పోయినా పర్వాలేదు గానీ తీసుకోనంది. అదే వెండిని మూసలో వేసి కరిగించి, పాత పద్ధతిలోనే మళ్ళీ చేశాం. ఆ రాత్రి కొట్టు కట్టేస్తూ మా నాయన నాతో అన్నారు, "చెయ్యి మనదే గానీ నగ వాళ్ళదిరా."

మాంట్రియల్‌లో ఆ అద్దం ముందు నాకు వినిపించింది ఈ మాటే. గుండె ఆకారపు బిళ్ళనే తీసుకోండి. అది పుట్టింది స్కాట్లండ్‌లో. ఎడిన్‌బరో వీధి కొట్లలో ప్రేమ గుర్తుగా అమ్మేవాళ్ళు, పసిపిల్లలకు దిష్టి తగలకుండా కూడా పెట్టేవాళ్ళు. గుండె మీద కిరీటం ఉండేది. అది హోడెనోషోనీ జనం దగ్గరికి చేరాక కిరీటం కొద్దికొద్దిగా మారి పక్షి తలలా అయిపోయింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆ బిళ్ళ చివరికి వాళ్ళ జాతి గుర్తే అయింది. దాన్ని అలా మార్చింది కొనుక్కున్నవాళ్ళే. తర్వాత వాళ్ళలోనే వెండిపనివాళ్ళు తయారయ్యారు. నాణేలు సాగగొట్టి, ఉలితో కోసి, తమ బిళ్ళలు తామే చేసుకున్నారు.

హోడెనోషోనీ అంటే పొడవాటి ఇళ్ళ జనం. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల కూటమి. తెల్లవాళ్ళు ఇరొక్వా అన్నారు. పెద్ద సరస్సుల చుట్టూ ఉన్నవాళ్ళు అనిషినాబే. ఇన్ని పేర్లుండగా రెడ్ ఇండియన్లు అని ఒక్క ముద్ద చేసేయడం దేనికి? మనల్ని మద్రాసీలు అంటే మనకు ఎలా ఉంటుంది?

వెండి వాళ్ళకు ఎందుకు నచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే తళుకు అనే మాట అక్కడే తప్పుదారి పట్టిస్తోంది. తెల్లవాళ్ళు రాక ముందే వేల ఏళ్ళుగా సుపీరియర్ సరస్సు ఒడ్డున రాగి తీసి పని చేసిన జనం వాళ్ళు. తెల్లటి గవ్వల పూసలు, గవ్వతో చేసిన గొంతు బిళ్ళలు, స్ఫటికాలు వాళ్ళకు పవిత్రం. మెరుపు వాళ్ళకు వెలుగు, ప్రాణం, మేలు చేసే శక్తి. తెల్ల సైన్యంలో అధికారులు మెడలో వేసుకునే చంద్రవంక బిళ్ళ వచ్చి, గవ్వ బిళ్ళ ఉన్న చోటే కూర్చుంది. మనం పసిబిడ్డకు వెండి మొలతాడు కడతాం, పెళ్ళికూతురి కాలికి మెట్టెలు తొడుగుతాం. దాన్ని ఎవరైనా తళుకు మోజు అంటే ఒప్పుకుంటామా?

ఇక వాళ్ళిచ్చిన బొచ్చు. బీవర్ మన దగ్గర లేని జంతువు. నీళ్ళలో ఉంటూ చెట్లు కొరికి ఆనకట్టలు కట్టుకుంటుంది. దాని తోలుకు పైన ముతక వెంట్రుకలు, అడుగున మెత్తటి ఉన్ని. ఆ ఉన్నితో యూరప్‌లో టోపీలు చేసేవాళ్ళు. ఇక్కడ ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. టోపీలవాళ్ళకు కొత్త తోలు కంటే, ఆదివాసులు ఒకటి రెండు చలికాలాలు ఒంటి మీద కప్పుకుని తిరిగిన పాత తోలే ఎక్కువ విలువ. ఒంటి రాపిడికి, చెమటకు ముతక వెంట్రుకలు రాలిపోయి ఉన్ని ఒక్కటే మిగిలేది. అంటే వాడి పడేసిన పాత తోలు ఇస్తే కత్తులు, కెటిల్స్ ఇచ్చేవాళ్ళు వచ్చారన్నమాట. 1634లోనే ఒక ఫ్రెంచి పాదిరి రాసిపెట్టాడు. ఇన్నూ జాతి మనిషి ఒకడు నవ్వుతూ అతనితో అన్నాడట, ఈ ఇంగ్లీషువాళ్ళకు బుద్ధి లేదు, ఒక్క బీవర్ తోలుకు ఇరవై కత్తులిస్తున్నారు అని. ఎవరు ఎవరిని అమాయకులనుకుంటున్నారో చూడండి. బేరం తెలియనివాళ్ళు అనే మాటకు ఇంతకంటే జవాబు నాకు తెలియదు.

మరి మోసం ఎక్కడ జరిగిందంటే కాగితం మీద. 1670 మే 2న ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ హడ్సన్స్ బే కంపెనీకి ఒక పట్టా రాసిచ్చాడు. హడ్సన్ అఖాతంలోకి పారే నదుల భూమంతా ఆ కంపెనీదే అన్నాడు. అది మన దేశం కంటే పెద్ద భూమి. అక్కడ ఉంటున్న ఒక్క మనిషిని అడగలేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1869-70లో, కంపెనీ దాన్ని 3 లక్షల పౌండ్లకు కెనడాకు అప్పజెప్పింది. అప్పుడూ అడగలేదు. మధ్యలో మశూచి ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టింది, సారా పోసి బేరాలాడారు, అప్పులు అంటగట్టారు, బీవర్లు అయిపోయిన చోట వేటగాళ్ళకు తిండి లేకుండా పోయింది. 1821లో మాంట్రియల్ వాళ్ళ నార్త్ వెస్ట్ కంపెనీ హడ్సన్స్ బే కంపెనీలో కలిసిపోయాక పోటీ లేదు, నగల ఆర్డర్లూ తగ్గిపోయాయి. ఆ తర్వాత యూరప్‌లో పట్టు టోపీ ఫ్యాషన్ వచ్చి బీవర్ టోపీని పక్కకు నెట్టింది. ఇదంతా మీ వ్యాసంలో ఉండాల్సింది. ఈ లెక్కలో వెండి రింగు పెట్టుకున్న ఆడమనిషి తప్పు ఎక్కడుంది?

ఆ చివరి రోజుల్లో వెండి బదులు జర్మన్ సిల్వర్ వచ్చి చేరింది. రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం అది, పేరులో తప్ప వెండి గుండు సూదంత కూడా ఉండదు. చదివి నాకు బాధేసింది. మా వీధిలోనూ ఇప్పుడు అదే అమ్ముతున్నారు. గృహప్రవేశంలో కానుకగా వచ్చిన పళ్ళెం తెచ్చి, తూకం వేసి డబ్బివ్వమనే వాళ్ళకు గీటురాయి మీద గీసి చూపించాల్సి వస్తోంది. వాళ్ళ ముఖాలు చూడలేను.

వెండితో నిజంగా మాట తప్పిన చోటు ఒకటుంది, అది పతకాలు. ఒప్పందాలు చేసుకున్నప్పుడు నాయకుల మెడలో పెద్ద వెండి పతకాలు వేసేవాళ్ళు. బ్రిటిష్ వాళ్ళిచ్చినవాటి మీద ఒకవైపు మూడో జార్జి ముఖం, రెండో వైపు రాజముద్ర. 1792లో జార్జి వాషింగ్టన్ సెనెకా నాయకుడు రెడ్ జాకెట్‌కు కోడిగుడ్డు ఆకారపు పతకం ఒకటి ఇచ్చాడు. ఫిలడెల్ఫియాలో చేతితో చెక్కింది. దాని మీద వాషింగ్టన్, ఒక ఆదివాసీ నాయకుడు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. వెనక ఒకతను పొలం దున్నుతుంటాడు. రెడ్ జాకెట్ గొప్ప వక్త. 1830లో పోయేదాకా ఆ పతకాన్ని వదల్లేదు. ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు, 1838లో, లంచాలతో చేయించిన ఒప్పందంలో సెనెకాల భూమి లాగేసుకోవాలని చూశారు. ఆయన కాపాడిన బఫెలో క్రీక్ నేల చివరికి పోనే పోయింది. పతకం ఎలీ పార్కర్ అనే ఇంకో సెనెకా పెద్దకు చేరింది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయిన రోజు, 1865లో, లొంగుబాటు పత్రాన్ని చక్కటి దస్తూరితో రాసింది ఆయనే. ఆయన తర్వాత అది బఫెలో నగరంలోని మ్యూజియానికి వెళ్ళి నూరేళ్ళకు పైగా అక్కడే ఉండిపోయింది. 2021లో సెనెకాలకు తిరిగిచ్చారు. మా అమ్మాయి ఆ వార్త ఫోన్‌లో చూపించినప్పుడు, చాలా రోజుల తర్వాత ఒక మంచి మాట విన్నట్టనిపించింది.

మన ఊరివాళ్ళకు ఇంకొకటి చెప్పాలి. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్ల ముందు లొంగిపోయిన సేన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌ది. అదే కార్న్‌వాలిస్ పదేళ్ళకు, 1791 మార్చిలో, మా కొట్టుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న బెంగళూరు కోట పట్టుకున్నాడు. వాషింగ్టన్ పతకమిచ్చిన 1792లోనే టిప్పు కొడుకులిద్దరిని శ్రీరంగపట్నంలో బందీలుగా తీసుకున్నాడు. ఆ యుద్ధంలో అతని సైన్యానికి ఎద్దుల మీద ధాన్యం మోసుకొచ్చి పెట్టింది ఎవరు? బంజారాలు, అంటే మా కొట్టుకొచ్చే సుగాలీ అవ్వల పూర్వీకులు. తర్వాత రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ ఎద్దుల వ్యాపారం పోయింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది, అలాంటి తెగలను పుట్టుకతోనే దొంగలని రాసేశారు. ఆ ముద్ర 1952లో గానీ పోలేదు. ఆ అవ్వల మెడలో రాణి రూపాయలు, జార్జి రూపాయలు కొక్కేలు పెట్టి కుచ్చులుగా వేలాడేవి. 1940కి ముందటి రూపాయి సరిగ్గా తులం తూగుతుంది, 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు పాళ్ళు మంచి వెండి. మాంట్రియల్‌లో మూడో జార్జి ముఖం చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది వాళ్ళ మెడలే.

ఇప్పుడు నేను చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. 1990ల నుంచి తండాల వెండి మా కొట్టుకు చేయించుకోవడానికి కాదు, అమ్ముకోవడానికి రావడం మొదలైంది. ఆసుపత్రి ఖర్చులు, బోరు బావి అప్పులు, పిల్లల ఫీజులు. మేము తూకం వేసి, తరుగు తీసి, డబ్బిచ్చి, సాయంత్రానికి కరిగించేవాళ్ళం. హాస్లీలు, కడియాలు, నాణేల దండలు ఎన్ని కరిగించానో లెక్క లేదు. ఫోటో తీయాలని గానీ, ఏ తండానో రాసుకోవాలని గానీ ఒక్కసారీ తోచలేదు. వందల ఏళ్ళు చేతులు మారి నిలిచిన నమూనాలు నా మూసలో పోయాయి. మాంట్రియల్ నుంచి వచ్చాక పాత ఖాతా పుస్తకాలన్నీ తిరగేశాను. బరువులున్నాయి, ధరలున్నాయి, మనుషుల పేర్లు లేవు.

అందుకే మీకు రాస్తున్నాను. ఆ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యాన్ని దయచేసి సరిదిద్దండి, ఆ జనాన్ని వాళ్ళ పేర్లతో రాయండి. మా పనివాళ్ళు, తాకట్టు కొట్లవాళ్ళు మీ పత్రిక చదువుతారు. తండా వెండి వస్తే కరిగించే ముందు రెండు వైపులా ఫోటో తీసి, తెచ్చినవాళ్ళ ఊరు, దాని పేరు వాళ్ళ మాటలోనే అడిగి రాసుకోమని మీరు రాస్తే వింటారు. ఫోన్ అందరి చేతిలోనూ ఉంది, ఐదు నిమిషాల పని. వీలైతే అమ్మేవాళ్ళకు ఏడాది గడువివ్వమనండి.

నా దగ్గర కరిగించకుండా మిగిలింది ఒక్క జత ఘుగ్రీలు. 2003లో ఒక అవ్వ మనవడికి ఆపరేషన్ అని మొత్తం వెండి తెచ్చి అమ్మింది. మిగతావన్నీ తూకానికిచ్చి, ఈ జత మాత్రం పక్కన పెట్టమంది. "పంట డబ్బులు రాగానే వస్తాను సామీ, వీటిని నిప్పులో పెట్టొద్దు" అంది. రాలేదు. కదిరి దగ్గరి తండా అని చెప్పినట్టు గుర్తు, పేరు నేను అడగలేదు. ఆమె కుటుంబంవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చి తీసుకెళ్ళవచ్చు, డబ్బేమీ ఇవ్వక్కర్లేదు. గుర్తుపట్టడానికి వీలుగా ఫోటో జతచేస్తున్నాను, చోటుంటే వేయండి. ఎడమ దానికి చివరి గజ్జె ఊడిపోయి ఉంది. ఆమె తెచ్చినప్పుడే అలా ఉంది. నేను కొత్తది వేయలేదు.

ఇట్లు,
ఒక వెండిపనివాడు
నగరత్‌పేట, బెంగళూరు